ఇరుసుకు ఊరట కల్పించిన స్వెన్ వింగ్‌క్విస్ట్

బండి కట్టే రైతుకు ఇరుసు విలువ బాగా తెలుసు. తెల్లవారుజామున ప్రయాణం ఉన్నదంటే ముందునాటి రాత్రే చక్రం ఊడదీసి, ఇరుసుకు కందెన పూసి సిద్ధం చేసుకొనేవాడు. కందెన ఆరిపోయిన బండి దారి పొడవునా కిర్రుమని మొరపెడుతుంది. ఎద్దులు ఆయాసపడతాయి. ఇరుసు అరిగి చక్రం వదులై, చివరకు బండి నడిదారిలో ఆగిపోతుంది. చక్రం ఎంత చక్కగా చెక్కినదైనా, అది తిరిగే చోటు సక్రమంగా లేకపోతే ఆ పనితనమంతా వృథా అవుతుంది.

చక్రాన్ని మొదట కనిపెట్టిన మానవుని పేరు చరిత్రకు తెలియదు. కాని చక్రానికీ ఇరుసుకూ మధ్య జరిగే రాపిడిని జయించడానికి శ్రమించిన వారిలో కొందరి పేర్లు మాత్రం నిలిచి ఉన్నాయి. అటువంటి వారిలో ముఖ్యుడు స్వీడన్ దేశానికి చెందిన ఇంజనీరు స్వెన్ గుస్తాఫ్ వింగ్‌క్విస్ట్. అరిగిపోయిన భాగాన్ని తీసివేసి కొత్తది అమర్చడంతో తన పని ముగిసిందని ఆయన భావించలేదు. అది ఎందుకు అరిగిందో తెలుసుకోవాలనుకొన్నాడు. ఆ చిన్న ప్రశ్నలో నుంచే ఒక గొప్ప ఆవిష్కరణ, దానితో పాటు ఒక మహా పరిశ్రమ పుట్టాయి.

వింగ్‌క్విస్ట్ 1876 డిసెంబరు 10వ తేదీన మధ్య స్వీడన్‌లోని హాల్స్‌బెర్గ్‌లో జన్మించాడు. రాజధాని స్టాక్‌హోమ్ నుంచి పశ్చిమ తీరాన ఉన్న గోథెన్‌బర్గ్ ఓడరేవుకు వెళ్లే ప్రధాన రైలుమార్గం మీద హాల్స్‌బెర్గ్ ఒక పెద్ద కూడలి. సమీపంలోని ఒరెబ్రో పట్టణపు సాంకేతిక పాఠశాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. అది స్వీడన్ వ్యవసాయ దేశంగా ఉన్న స్థితి నుంచి పారిశ్రామిక దేశంగా మారుతున్న కాలం. అడవులలోని కలప, భూమిలోని ఇనుప ఖనిజం, నదుల నీటిబలం ఆ దేశానికి సహజ సంపదలు. ఆ సంపదను వినియోగించే యంత్రాలు, వాటిని నడిపే నిపుణులు కావలసివచ్చారు. యువకుడైన వింగ్‌క్విస్ట్ 1899లో గోథెన్‌బర్గ్ నగరంలోని గామ్లెస్టాడెన్ అనే బట్టల మిల్లులో ఇంజనీరుగా చేరాడు. యంత్రాలు ఆగకుండా చూడడం ఆయన బాధ్యత.

ఆనాటి మిల్లు నేటి మిల్లు వంటిది కాదు. ఒక్కొక్క మగ్గానికి ఒక్కొక్క మోటారు ఉండేది కాదు. శక్తి అంతా ఒకచోట పుట్టేది. అక్కడ నుంచి పైకప్పుకు సమాంతరంగా భవనం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు పొడవైన ఉక్కు షాఫ్టులు సాగిపోయేవి. వాటి మీద కప్పీలు, కప్పీల నుంచి కిందికి తోలు బెల్టులు, బెల్టుల కింద వందలాది యంత్రాలు. ఆ షాఫ్టులను నిర్ణీత దూరాలలో బేరింగులు మోస్తూ ఉండేవి. ఒక్క బేరింగు బిగుసుకొనిపోతే ఆ వరుసలోని యంత్రాలన్నీ ఆగిపోయేవి. పనివారు చేతులు ముడుచుకొని కూర్చోవలసివచ్చేది. మిల్లుకు రాబడి నిలిచిపోయేది.

బేరింగు అంటే తిరిగే భాగానికి ఆధారమై, దాని బరువును మోస్తూ, రాపిడిని తగ్గించే అమరిక. ఒక వస్తువును నేల మీద ఈడ్చడం కష్టం, దొర్లించడం సులువు. ఈ సత్యం రాతిదిమ్మెల కింద దుంగలు పెట్టి దొర్లించిన ప్రాచీనులకు కూడా తెలుసు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతానికి చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసు చుట్టూ లోహపు గోళీలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే అన్ని గోళీలూ సమాన పరిమాణంలో, నిర్దుష్టంగా గుండ్రంగా లేకపోతే బరువంతా రెండు మూడింటి మీదనే పడుతుంది. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిచ్ ఫిషర్ 1883లో ఉక్కు గోళీలను ఒకే కొలతకు సానపట్టే యంత్రాన్ని రూపొందించిన తరువాతనే బాల్ బేరింగుల తయారీ పరిశ్రమ స్థాయికి ఎదిగింది. అమెరికాలో గుర్రపుబండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో శంకువు ఆకారపు రోలర్లతో మరొక రకం బేరింగుకు పేటెంటు పొందాడు. ఈ విధంగా వేర్వేరు దేశాలలో వేర్వేరు వ్యక్తులు ఒకే సమస్యతో పోరాడుతున్నారు.

గామ్లెస్టాడెన్ మిల్లులో బాల్ బేరింగులు లేకపోలేదు. అవి జర్మనీ నుంచి దిగుమతి అయ్యేవి. కోరిన బేరింగు చేతికి అందడానికి చాలా కాలం పట్టేది. ఎదురుచూసి, ఖర్చుపెట్టి, తెచ్చి అమర్చినా అది ఎక్కువ కాలం మన్నేది కాదు. మళ్లీ అదే మూలుగు, అదే వేడి, అదే అరుగుదల. సామాన్యంగా ఇటువంటి సందర్భంలో ఎవరైనా సరకు మంచిది కాదని అమ్మినవారిని నిందిస్తారు, లేదా పనివారి అశ్రద్ధను నిందిస్తారు. వింగ్‌క్విస్ట్ ఆ రెండూ చేయలేదు. పాడైన బేరింగులను చెత్తలో పారవేయనీయకుండా పరిశీలించాడు. అవి అమర్చి ఉన్న చోట్లను పరిశీలించాడు. చివరకు ఆయన దృష్టి బేరింగు మీద నుంచి భవనం మీదికి, భవనం మీద నుంచి నేల మీదికి మళ్లింది.

గోథెన్‌బర్గ్ నగరం యోటా నది సముద్రంలో కలిసే ప్రాంతంలో, లోతైన బంకమట్టి మీద నిర్మితమైనది. మిల్లు ఆ నదికి ఉపనది అయిన సావె ఒడ్డున ఉన్నది. బంకమట్టి నేల బరువుకు నెమ్మదిగా కుంగుతుంది. అంతటా ఒకే విధంగా కుంగదు. ఒక స్తంభం కొద్దిగా దిగుతుంది, పక్క స్తంభం నిలిచి ఉంటుంది. కంటికి కనిపించని ఆ తేడా షాఫ్టుకు మాత్రం తెలుస్తుంది. ఒకే సరళరేఖలో ఉండవలసిన ఆధారాలు వంకరపడతాయి. షాఫ్టు ఒక దిక్కుకు వాలితే బేరింగు మరొక దిక్కుకు పట్టి ఉంచుతుంది. అప్పుడు గోళీలు అన్నీ సమంగా బరువు మోయలేవు. కొన్ని అంచులకు ఒత్తుకొంటాయి. ఆ ఒత్తిడికి గాడి గీసుకొనిపోతుంది, ఉక్కు పెచ్చులూడుతుంది. దోషం బేరింగు ఉక్కులో మాత్రమే లేదు, వాలడం ఎరుగని దాని నిర్మాణంలో ఉన్నది.

నేలను మార్చడం ఎవరి తరమూ కాదు. భవనాన్ని విప్పి మళ్లీ కట్టడం సాధ్యం కాదు. షాఫ్టు వంగితే దానితో పాటు తానూ ఒదిగిపోయే బేరింగును తయారుచేయడమే మార్గమని వింగ్‌క్విస్ట్ నిశ్చయించుకొన్నాడు. మిల్లు యజమానులు ఆయన ఆలోచనను తోసిపుచ్చలేదు. ప్రయోగాలకు అనుమతినిచ్చి మిల్లు ఆవరణలోనే వసతి కల్పించారు. వింగ్‌క్విస్ట్ పగలు యంత్రాల బాగోగులు చూచుకొంటూనే తన నమూనాల మీద కృషి సాగించాడు. 1906లో ఒంటి వరుస గోళీలతో ఒక బేరింగును రూపొందించి పేటెంటు పొందాడు. అయినా అక్కడితో తృప్తిపడలేదు. మరుసటి సంవత్సరం, 1907లో, ఆయన పేరును శాశ్వతం చేసిన రెండు వరుసల బేరింగు రూపుదిద్దుకొన్నది.

దాని నిర్మాణం సూక్ష్మంగా గ్రహించదగినది. ప్రతి బాల్ బేరింగులోనూ లోపల ఒక వలయం, వెలుపల ఒక వలయం, నడుమ గోళీలు ఉంటాయి. వింగ్‌క్విస్ట్ బేరింగులో లోపలి వలయం మీద రెండు గాడులు ఉంటాయి. వాటిలో రెండు వరుసల గోళీలు నడుస్తాయి. వెలుపలి వలయపు లోతట్టు భాగంలో మాత్రం గాడులు ఉండవు. అది ఒక పెద్ద గోళం లోపలి ఉపరితలంలోని ముక్క వలె నున్నగా వంపు తిరిగి ఉంటుంది. గుండ్రని గిన్నెలో ఉన్న బంతిని ఏ వైపు తిప్పినా గిన్నె దానిని ఒకే తీరుగా మోస్తుంది. అదే విధంగా షాఫ్టు రెండు మూడు డిగ్రీలు వాలినా లోపలి వలయం, గోళీలు కూడా దానితో పాటు వాలుతాయి. బరువు మాత్రం గోళీలన్నిటి మీదా సక్రమంగానే పడుతుంది. ఎవరూ సరిచేయకుండా తనంతట తానే సర్దుకొనే ఈ బేరింగుకు ఏకకాలంలో పది దేశాలలో పేటెంటు లభించింది.

1907 ఫిబ్రవరి 16వ తేదీన గోథెన్‌బర్గ్‌లో ఒక కొత్త సంస్థ ఏర్పడింది. స్వీడన్ బాల్ బేరింగు కర్మాగారం అనే అర్థం వచ్చే స్వీడిష్ పేరులోని అక్షరాలను బట్టి అది ఎస్.కె.ఎఫ్. అని ప్రసిద్ధి పొందింది. మిల్లు యజమానులే పెట్టుబడి సమకూర్చారు. ముప్పై ఏళ్ల వింగ్‌క్విస్ట్ దానికి మేనేజింగ్ డైరెక్టరు అయ్యాడు. నిన్నటి వరకు షాఫ్టుల కింద నిలబడి చెవి ఒగ్గి వాటి చప్పుళ్లను విన్న ఇంజనీరు నేడు దేశదేశాల వ్యాపారులతో బేరాలు సాగించవలసినవాడు అయ్యాడు. ఆ పాత్రలోనూ ఆయన తడబడలేదు. యూరప్ దేశాలలో స్వయంగా పర్యటించి కర్మాగారాల అధిపతులను కలుసుకొన్నాడు. బేరింగుల విషయంలో జర్మనీకి సాటి లేదని నమ్మిన వారి ముందు స్వీడన్ సరకును నిలబెట్టడం తేలిక కాదు. అయినా వాడి చూచినవారికి దాని గుణం తెలిసివచ్చింది. 1910 నాటికి సంస్థలో 325 మంది పనిచేస్తున్నారు. 1918 నాటికి పన్నెండు కర్మాగారాలు, పన్నెండు వేల మంది ఉద్యోగులు గల అంతర్జాతీయ సంస్థగా అది విస్తరించింది.

బేరింగుకు ప్రాణం ఉక్కు. నూటికి ఒక వంతు కర్బనం, ఒకటిన్నర వంతు క్రోమియం కలిసిన ప్రత్యేకమైన ఉక్కును బేరింగుల కోసం వాడతారు. ఆ ఉక్కులో కంటికి ఆనని మలినం ఉన్నా కొన్ని లక్షల భ్రమణాల తరువాత అక్కడే పగులు మొదలవుతుంది. అందుచేత ముడిసరకు కోసం ఇతరుల మీద ఆధారపడరాదని భావించి సంస్థ 1916లో హోఫోర్స్ ఉక్కు కర్మాగారాన్ని కొనుగోలు చేసింది. నాణ్యత అనేది చివరి పరీక్షలో కలిపేది కాదని, ఉక్కు కొలిమి దగ్గరే మొదలుకావాలని ఈ నిర్ణయం తెలుపుతుంది. వింగ్‌క్విస్ట్ 1919 వరకు మేనేజింగ్ డైరెక్టరు పదవిలో కొనసాగాడు.

ఆయన నాటిన శాస్త్రీయ దృష్టి సంస్థలో నిలిచిపోయింది. 1919లో ఆర్విడ్ పాల్మ్‌గ్రెన్ అనే ఇంజనీరు అదే సూత్రాన్ని గోళీలకు బదులు పీపా ఆకారపు రోలర్లకు అన్వయించి మరింత భారీ బరువులు మోసే బేరింగును రూపొందించాడు. బేరింగు ఎంత కాలం మన్నుతుందో ముందుగానే లెక్కగట్టే పద్ధతిని ఆయన గుస్తాఫ్ లుండ్‌బెర్గ్‌తో కలిసి 1947లో సిద్ధాంతరూపంలో ప్రకటించాడు. ఆ సిద్ధాంతం ప్రకారం బాల్ బేరింగు మీద బరువు రెట్టింపైతే దాని ఆయుర్దాయం సగానికి కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బండి మీద మోతాదుకు మించి బరువు వేసేవారు గుర్తుంచుకోదగిన సత్యమిది.

మోటారు కారుతో వింగ్‌క్విస్ట్ సంస్థకు ఏర్పడిన అనుబంధం ఆసక్తికరమైనది. తాను ప్రత్యేకంగా తయారుచేయదలచిన ఒక రకం బేరింగుల కోసం ఎస్.కె.ఎఫ్. 1915లో వోల్వో అనే పేరును నమోదు చేయించింది. లాటిన్ భాషలో ఆ మాటకు నేను దొర్లుతున్నాను అని అర్థం. బేరింగుల మీద ఆ పేరు అంతగా వాడుకలోకి రాలేదు. తరువాత సంస్థలో అమ్మకాల అధికారిగా పనిచేసిన అస్సార్ గాబ్రియెల్సన్, ఇంజనీరు గుస్తాఫ్ లార్సన్ కలిసి స్వీడన్ దేశపు చలికీ గతుకుల బాటలకూ తట్టుకొనే కారు తయారుచేయాలని సంకల్పించారు. ఎస్.కె.ఎఫ్. వారికి పెట్టుబడితో పాటు వాడకుండా ఉన్న ఆ పేరును కూడా ఇచ్చింది. 1927 ఏప్రిల్ 14వ తేదీన మొదటి వోల్వో కారు గోథెన్‌బర్గ్ కర్మాగారం నుంచి వెలుపలికి వచ్చింది. 1935లో ఆ సంస్థ ఎస్.కె.ఎఫ్. నుంచి విడివడి తన కాళ్ల మీద తాను నిలబడింది.

కారు చక్రం ఒక కిలోమీటరు దూరానికి సుమారు ఐదు వందల సార్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లు నడిచేసరికి ఐదు కోట్ల భ్రమణాలు పూర్తవుతాయి. అంతకాలమూ కారు బరువును, గతుకుల కుదుపులను, మలుపులలో పక్కనుంచి పడే ఒత్తిడిని చక్రపు బేరింగు భరించాలి. తనంతట తాను సర్దుకొనే వింగ్‌క్విస్ట్ బేరింగు పొడవైన షాఫ్టులకు తగినది. కారు చక్రానికి నిలువు బరువుతో పాటు పక్క ఒత్తిడిని కూడా మోసే నిర్మాణం కావాలి. అందుచేత కార్లలో చాలాకాలం పాటు శంకువు ఆకారపు రోలరు బేరింగులను జంటగా వాడారు. తరువాతి కాలపు కార్లలో రెండు వరుసల గోళీలతో, గ్రీజు నింపి మూసివేసిన బేరింగులు వచ్చాయి. నిర్మాణం మారినా, అరిగిన బేరింగును గుర్తించే తీరులో వింగ్‌క్విస్ట్ పాటించిన పరిశీలన పద్ధతే నేటికీ మార్గదర్శకం.

బేరింగు ఒక్కసారిగా పాడుకాదు. ముందుగా హెచ్చరిస్తుంది. కారు వేగం పుంజుకొనే కొద్దీ చక్రం వద్ద సన్నని మూలుగు మొదలై హెచ్చుతూ ఉంటుంది. టైర్ల నుంచి కూడా ఇటువంటి శబ్దం రావచ్చు. కాని రోడ్డు నున్నగా మారినప్పుడు టైరు శబ్దం మారుతుంది, బేరింగు మూలుగు మారదు. కారు ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల వైపు మొగ్గుతుంది. అప్పుడు మూలుగు హెచ్చితే కుడివైపు బేరింగును, తగ్గితే ఎడమవైపు బేరింగును అనుమానించాలి. పిమ్మట కారును సమతలం మీద నిలిపి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద భద్రంగా ఆనించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూస్తారు. వదులుగా కదిలితే బేరింగు అరిగి ఉండవచ్చు. అయితే సస్పెన్షన్‌లోని కీళ్లు అరిగినా చక్రం కదులుతుంది గనుక కదలిక ఎక్కడ పుడుతున్నదో మరొకరు గమనించాలి. తరువాత చక్రాన్ని చేతితో తిప్పుతూ, రెండవ చేతిని స్ప్రింగు మీద ఉంచితే లోపలి గరుకుదనం వేళ్లకు తెలుస్తుంది.

మార్చే పనిలోనూ ఓర్పు అవసరం. చక్రాన్ని, బ్రేకు కాలిపర్‌ను, డిస్కును వరుసగా విప్పాలి. కాలిపర్‌ను దాని గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టి ఉంచాలి, లేకుంటే గొట్టం దెబ్బతింటుంది. పాత బేరింగును తీసిన తరువాత అది కూర్చొనే చోటును శుభ్రపరచి గాట్లు, తుప్పు లేవని చూడాలి. కొత్త బేరింగును సుత్తితో కొట్టరాదు. ప్రెస్సు సహాయంతో తిన్నగా లోపలికి నొక్కాలి. ఏ వలయం బిగుతుగా కూర్చోవాలో ఆ వలయం మీదనే బలం పడాలి. పొరపాటున రెండవ వలయాన్ని నొక్కితే ఆ బలం గోళీల మీదుగా సాగి గాడిలో సన్నని గుంటలు పడతాయి. అటువంటి బేరింగు ఒక్క కిలోమీటరు కూడా నడవకముందే జబ్బుపడినదానితో సమానం. చివరకు నట్టును తయారీదారు నిర్ణయించిన కొలత ప్రకారం బిగించాలి. పాతకాలపు శంకు రోలరు బేరింగుల విషయంలో చక్రాన్ని తిప్పుతూ నట్టును బిగించి, మళ్లీ కొద్దిగా సడలించి, పిన్ను వేస్తారు. అతిగా బిగిస్తే వేడెక్కుతుంది, వదులైతే ఊగుతుంది.

ఇంతటితో మెకానిక్కు పని పూర్తికాదు. తీసిన పాత బేరింగును పరిశీలించడం అన్నిటికంటే ముఖ్యం. గ్రీజు తెల్లగా పాలిపోయి ఉంటే సీలు చిరిగి నీరు చేరిందని అర్థం. వరదనీటిలో నడిచిన బండ్లకు ఇది తరచుగా వస్తుంది. గాడిలో గోళీల మధ్య దూరం ప్రకారం వరుసగా గుంటలు ఉంటే గోతిలో పడిన దెబ్బనో, బిగించేటప్పుడు జరిగిన తప్పునో సూచిస్తాయి. ఒక పక్క మాత్రమే అరుగుదల ఉంటే చక్రాన్ని మోసే భాగం వంగిందేమో చూడాలి. కారణాన్ని సరిచేయకుండా బేరింగును మాత్రమే మార్చితే కొద్దికాలంలోనే అదే మూలుగు తిరిగి వినిపిస్తుంది. గామ్లెస్టాడెన్ మిల్లులో జరిగినది కూడా అదే. ఉపేక్షించిన బేరింగు చివరకు పట్టివేయవచ్చు, చక్రమే ఊగి అదుపు తప్పవచ్చు. మూలుగును విననట్లు నటించడం ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమాడడమే.

శాస్త్ర విజ్ఞానం మేలుకూ కీడుకూ కూడా ఉపకరిస్తుందనడానికి బేరింగు చరిత్రే ఒక నిదర్శనం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానం, ట్యాంకు, ఫిరంగి ఏదీ బేరింగు లేకుండా కదలలేదు. 1943 ఆగస్టు, అక్టోబరు నెలలలో అమెరికా విమానాలు జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ బేరింగు కర్మాగారాల మీద భారీ దాడులు జరిపి, తామూ ఘోరంగా నష్టపోయాయి. దాడికి గురైన వాటిలో ఎస్.కె.ఎఫ్. అనుబంధ సంస్థకు చెందిన కర్మాగారాలు కూడా ఉన్నాయి. స్వీడన్ తటస్థ దేశం కావడం వల్ల ఇరుపక్షాలకూ బేరింగులు వెళ్లేవి. బ్రిటన్ వాటిని వేగంగా నడిచే పడవలలో శత్రువుల కన్నుగప్పి తెప్పించుకొనేది. జర్మనీకి ఎగుమతులు తగ్గించాలని 1944లో మిత్రరాజ్యాలు సంస్థ మీద తీవ్రమైన ఒత్తిడి తెచ్చాయి. బట్టల మిల్లులో పనివారి కష్టం తీర్చడానికి పుట్టిన వస్తువు యుద్ధ వ్యూహాలలో పావుగా మారింది. వస్తువుకు నీతి అవినీతులు లేవు. అవి దానిని వినియోగించే మానవునిలో ఉన్నాయి.

వింగ్‌క్విస్ట్ కృషి ఫలితం భారతదేశానికి కూడా అందింది. 1923లోనే ఎస్.కె.ఎఫ్. కలకత్తా కేంద్రంగా మన దేశంలో వ్యాపారం ప్రారంభించింది. 1960వ దశకంలో పుణె సమీపంలోని చించ్‌వడ్‌లో కర్మాగారం నెలకొల్పింది. ఒకప్పుడు స్వీడన్ మిల్లు జర్మనీ సరకు కోసం ఎదురుచూసినట్లే, మన పరిశ్రమలు కూడా చిన్న చిన్న భాగాల కోసం విదేశాల వైపు చూచిన రోజులు ఉన్నాయి. ఏ దేశమైనా తన అవసరాలను తాను పరిశీలించి, తన నేలకు తగిన పరిష్కారాన్ని తానే కనిపెట్టుకొన్ననాడు ఆ ఎదురుచూపులు ముగుస్తాయి.

1953 ఏప్రిల్ 17వ తేదీన వింగ్‌క్విస్ట్ కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరు సంవత్సరాలు. గోథెన్‌బర్గ్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనశాల ఆయన పేరును ధరించి ఉన్నది. ఆయన రూపొందించిన స్వయంగా సర్దుకొనే బేరింగు శతాబ్దం దాటినా నేటికీ తయారవుతూనే ఉన్నది. కాగితపు మిల్లులలో, బట్టల మిల్లులలో, పొలాలలో తిరిగే యంత్రాలలో అది ఎవరికీ కనిపించకుండా తన పని తాను చేసుకొనిపోతున్నది.

వింగ్‌క్విస్ట్ జీవితంలో రోమాంచకమైన సాహసాలు లేవు. ఆయన ఎదుర్కొన్నది ప్రతి కర్మాగారంలోనూ ప్రతిదినమూ ఎదురయ్యే ఒక సామాన్యమైన చిక్కు. అందరూ దానితో సరిపెట్టుకొన్నారు, ఆయన సరిపెట్టుకోలేదు. అందరూ అరిగిన భాగాన్ని చూచారు, ఆయన అరిగించిన కారణాన్ని చూచాడు. కుంగే నేలను నిందించక, దాని స్వభావానికి తగినట్లు ఒదిగే సాధనాన్ని సృష్టించాడు. చేతిలో ఉన్న చిన్న పనిని శ్రద్ధతో, ఆలోచనతో చేసేవాడు లోకానికి ఎంత మేలు చేయగలడో తెలుసుకోవడానికి ఆయన జీవితం చక్కని ఉదాహరణ.